అమ్మాయి ఏమంటోందంటే

నేను ఇంతవరకూ ఏదీ రాసింది లేదు. చదివింది అయిదో తరగతి. ఆ తర్వాత పెన్ను పట్టుకున్నదల్లా రిపేరుకి వచ్చిన గిటారు ఎవరిదో చీటీ కట్టడానికే. మా ఆడపడుచు ఊరుకోలేదు. "వదినా, నువ్వు రాయకపోతే అన్నయ్య చెప్తాడు. అన్నయ్య చెప్తే కథంతా అన్నయ్యే ఉంటాడు" అంది. అదీ నిజమే. కాకపోతే "నేను, నేను" అని రాసుకోవాలంటే సిగ్గుగా ఉంది. అందుకని కోడలు అని రాస్తాను. కోడలంటే నేనే అనుకోండి.

ఆ వీధిలో పొద్దున్నే ముందు ఇస్త్రీ షాపు తెరుస్తారు. తర్వాత తాళాలు బాగుచేసేవాడు. అందరికన్నా ఆఖర్న గిటార్ల షాపు. పక్కనే తాళాలవాడు ఉన్నా కోడలి మొగుడికి రోజూ తాళం చెవి వెతుక్కోవడంతోటే తెల్లారుతుంది. జేబులు తడుముకుంటాడు, చొక్కాని తిడతాడు, చివరికి అది తాళానికే వేలాడుతూ కనిపిస్తుంది. "రాత్రంతా ఇక్కడే ఉందా? ఏ దొంగా రాలేదా?" అంటాడు, దొంగలు తనని అవమానించినట్టు.

ముందు గదిలో షాపు, వెనక గదుల్లో ఇల్లు. గోడలకి గిటార్లు మెడలు పట్టుకుని వేలాడుతుంటాయి. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద టంకం కడ్డీ, సీసాల్లో స్క్రూలు. మూలన గుడ్డ కప్పి ఒక చుట్టుడు మిషను. పాత కుట్టుమిషను చక్రంతో, కాలితో తొక్కేలా మావయ్యగారు చేసిపెట్టింది.

కరెంటు గిటారు చూసినవాళ్ళకి తెలుసు, తీగల కింద నల్లటి చిన్న పెట్టెలు ఉంటాయి. వాటిని పికప్ అంటారు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ, కొన్ని వేల చుట్లు. ఆ చుట్టనే కాయిల్ అంటారు. పైన తీగ మీటితే ఆ అదురు కాయిల్‌కి తెలుస్తుంది. అక్కణ్ణుంచి వైరులో నడిచి, చప్పుడు పెద్దది చేసే యాంపులోకి వెళ్ళి పాటవుతుంది. అంతే సంగతి. మావయ్యగారు కోడలికి ఇలాగే చెప్పారు, ఇంకో రకంగా ఆమెకి తెలీదు.

చుట్టేటప్పుడు మనిషి నోట్లో ఏముంటే అది కాయిల్లోకి పోతుంది. ఇది ఆ వీధిలో అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీ మిషన్లు చుట్టిన కాయిల్లో ఏమీ ఉండదు, మిషనుకి నోరు లేదు కాబట్టి. అత్తయ్య పాడుతూ చుట్టేది కాబట్టి ఆవిడ కాయిల్ ఉన్న గిటారు వాయిస్తే, తీగల కింద సన్నగా ఒక పెద్దావిడ కూనిరాగం వచ్చేది. ముసురు పట్టిన రోజుల్లో అది కాస్త బొంగురుపోయేది. "నాకు జలుబు చేసింది, గిటారు కాసేపు ఎండలో పెట్టండి నాయనా" అని అత్తయ్యే చెప్పి పంపేది. కొడుకు చుట్టిన కాయిళ్ళ సంగతి వేరు. ఒకాయన గిటారు వెనక్కి తెచ్చి, "పిల్లకి జోలపాట వాయిస్తుంటే మధ్యలో 'ఆ స్క్రూ ఎక్కడ చచ్చింది' అంటోందండీ ఇది. పిల్ల దడుసుకుంటోంది" అన్నాడు. ఆ రోజునుంచి కొడుకు చుట్టడం మానేసి రిపేర్లకే పరిమితమయ్యాడు.

అత్తయ్య చుట్లు లెక్కపెట్టేది కాదు. ఒక పాట అయ్యేసరికి ఒక పొర. మళ్ళీ మొదలుపెడితే ఇంకో పొర. పొరలు అంచుదాకా వస్తే కాయిల్ నిండినట్టు. ఆ పాట కోడలు పుట్టింటినుంచి తెచ్చుకున్నది, మబ్బు పట్టగానే ఆరేసిన బట్టలు తీసే పాట.

"మబ్బు పట్టెను, మబ్బు పట్టెను, బట్టలు తీయవె చెల్లెలా
చినుకు పడ్డది, చినుకు పడ్డది, తలుపులు మూయవె చెల్లెలా"

అంతకుముందు అత్తయ్య ఏవేవో పాడేదట. ఈ పాట సరిగ్గా ఒక పొరకి సరిపోయిందని దీన్నే ఉంచుకుంది. కానీ ఆవిడకి చరణాలు గుర్తుండేవి కావు. కోడలు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, రాగి తీగ తెగకుండా వేళ్ళ మధ్య పట్టుకుని, ముందు మాట పెదాల మీద అనేది. అత్తయ్య దాన్ని అందుకుని చక్రం తొక్కుతూ గొంతెత్తి పాడేది.

కోడలి గొంతు గురించి ఒక మాట చెప్పాలి. అది బయటికి వస్తే కదా. ఆ ఇంటికి వచ్చిన మొదటి రోజు భోజనాల దగ్గర మంచినీళ్ళు అడిగింది. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అడిగింది. మొగుడు "ఆఁ?" అన్నాడు. మూడోసారి అడిగే ధైర్యం లేక పొడి గొంతుతోటే మింగుతుంటే అత్తయ్య గరిటె పళ్ళానికేసి కొట్టింది. "అమ్మాయి ఏమంటోందంటే, మంచినీళ్ళు కావాలంటోంది. చెవుల్లో ఏం చుట్టుకున్నార్రా అందరూ?"

అప్పటినుంచి అది అలవాటైపోయింది. కోడలు అనడం, పక్కన కూర్చున్న అత్తయ్య "అమ్మాయి ఏమంటోందంటే" అని అందరికీ చెప్పడం. ఒక్క మాట కలిపేది కాదు, ఒక్క మాట తీసేది కాదు. ఇంట్లోవాళ్ళు కోడల్ని కుట్టుపనికి పంపుదామనుకుంటున్నప్పుడు కోడలు తల వంచుకుని, "నాకు షాపులో కూర్చోవాలని ఉంది" అంది. అత్తయ్య మావయ్యగారి వైపు తిరిగి, "అమ్మాయి ఏమంటోందంటే, తనకి షాపులో కూర్చోవాలని ఉందట" అంది. అంతే. మర్నాటినుంచి ముక్కాలిపీట ఆమెది. ఇంకో అత్తగారైతే ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి తన మాట చేసుకునుండేది.

మావయ్యగారు పోయారు. తర్వాత అత్తయ్య కూడా వెళ్ళిపోయింది. చుట్టుడు మిషను మీద గుడ్డ కప్పారు. ఆవిడ కాయిళ్ళు కొన్నవాళ్ళు ఎక్కడెక్కడికో పోయారు. ఇంటికి మిగిలింది ఒక్కటే, చిట్టి గిటారులో ఉన్నది. చిట్టి అంటే మా ఆడపడుచు. నలభై దాటినా చిట్టే.

చిట్టి ఒక బృందంలో వాయిస్తుంది. సాయంత్రాలు హాళ్ళలో పాటలు. ఆమెకి గురువంటూ ఎవరూ లేరు. కోడలు ఆ ఇంటికి వచ్చేనాటికి చిన్నపిల్ల. అప్పటినుంచీ అమ్మ కూనిరాగం వేళ్ళ కింద వింటూ, దాన్ని పట్టుకుని నడవడమే నేర్చుకుంది. వేరే గిటారు చేతికిస్తే తాళం తప్పుతుంది. "చీకట్లో మెట్లు దిగుతున్నట్టుంటుంది వదినా" అంటుంది.

ఒక మధ్యాహ్నం ఆమె షాపులోకి వచ్చి గిటారు సంచీ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడింది.

"ఏమైందే?" అన్నాడు అన్న.

"కొత్త హాలు ఒప్పుకున్నారట. ఇప్పటిదానికి మూడింతలు ఉంటుందట. మేష్టారు పిలిచి చెప్పారు."

మేష్టారంటే వాళ్ళ బృందం పెద్ద, కీబోర్డు వాయిస్తారు.

"మంచిదేగా?"

"ఏం మంచిది? 'అమ్మగారంటే నాకు గౌరవమే తల్లీ, కానీ ఆవిడ మన ఉరుము పక్కన వినపడరు. ఆవిడతోపాటు నువ్వూ వినపడవు' అన్నారు."

ఉరుమంటే వాళ్ళ డ్రమ్ములవాడు. పేరు పెట్టింది ఎవరోగాని చేతులెత్తి దణ్ణం పెట్టాలి వాళ్ళకి.

"బ్యాటరీ పికప్ పెట్టించుకో, అంటే యాక్టివ్‌ది, లేదంటే శనివారం ఆ హాల్లో నీ బదులు ఇంకొకరు కూర్చుంటారు అన్నారు. కోపంగా కూడా అనలేదన్నయ్యా. కోపంగా అంటే తిరిగి నాలుగు అనేదాన్ని."

అన్న గిటారు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మ కాయిల్ మెడ దగ్గర ఉంది. తోక దగ్గర కొత్తది పెడదాం. ఇద్దరూ ఉంటారు. ఇందులో ఏడవడానికేముంది?"

"నేను ఏడవట్లేదు."

"మరి ముక్కెందుకలా ఉంది?"

"పుట్టుకతో వచ్చింది. నీదీ అంతే, అద్దంలో చూసుకో."

కొత్త పికప్ తెచ్చారు. చుట్టూ సీలు వేసిన నల్ల పెట్టె. అందులో కాయిల్‌తోపాటు బుల్లి యాంపు కూడా ఉంటుంది, దానికి బ్యాటరీ కావాలి. బ్యాటరీకి చోటు కోసం అన్న గిటారు వీపు మీద ఉలి పెట్టి కొడుతుంటే చిట్టి వెనక గదిలోకి వెళ్ళి చెవులు మూసుకుంది. చెక్కపొడి ఊది, టంకం పెట్టి, తీగలు బిగించి యాంపుకి తగిలించారు. కొత్తది గొంతెత్తేసరికి షాపులో స్క్రూల సీసాలు గణగణలాడాయి. పక్క షాపు తాళాలవాడు తొంగి చూసి, "ఎవరండీ కొత్తగా వచ్చింది?" అన్నాడు.

"అల్లుడు" అంది చిట్టి.

తర్వాత అమ్మ వైపు నాబ్ తిప్పింది. అమ్మ గొంతు వచ్చింది గాని, నెత్తిమీదుగా దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది.

అన్న నుదురు కొట్టుకున్నాడు. బ్యాటరీ పికప్‌తోపాటు వచ్చిన వాల్యూమ్ కంట్రోళ్ళే రెండింటికీ పెట్టేశాడు. అవి చిన్న రకం. గట్టి గొంతుకి సరిపోతాయిగాని బ్యాటరీ లేని కాయిల్‌కి అవి పెట్టకూడదు, ఊపిరాడదు. తెలిసే చేశాడు, డబ్బాలో పక్కనే ఉన్నాయి కదా అని. తాళం చెవి తాళానికే వదిలేసే మనిషి మరి. ఊడదీసి అమ్మకి అలవాటైన పెద్ద రకం రెండింటికీ పెట్టాడు. అమ్మ గొంతు తేటపడింది. కానీ ఇప్పుడు అల్లుడు మాట వినడు. నాబ్ ఒక పిసరు తిప్పితే గప్‌చుప్, ఇంకో పిసరు తిప్పితే అరుపు. మధ్యస్థం అనేది లేదు.

సరే, అమ్మకి పెద్దవి, అల్లుడికి చిన్నవి, ఎవరివి వాళ్ళకి పెట్టాడు. విడివిడిగా ఇద్దరూ బాగున్నారు. అన్న మొహం వెలిగింది. "ఇప్పుడు రెండూ కలిపి వాయించు" అన్నాడు.

చిట్టి రెండూ తెరిచింది. అల్లుడొక్కడే ఉన్నాడు. అమ్మ లేదు. అల్లుణ్ణి తగ్గించి చూశారు. అయినా లేదు. చిట్టి వేళ్ళు రెండు మెట్లు తడబడి ఆగిపోయాయి.

"గట్టివాడు పక్కనుంటే అమ్మ గొంతు బయటికి రాకుండా వాడి దారిలోనే ఇంకిపోతోంది" అన్నాడు అన్న. "పోనీ, స్విచ్చి పెడతాను. అమ్మ కావాలంటే పైకి, వాడు కావాలంటే కిందికి."

"డ్రమ్ములు మోగేటప్పుడే కదా నాకు అమ్మ కావాల్సింది! అప్పుడే అమ్మని ఆపెయ్యమంటావా?"

అతను టంకం కడ్డీ మళ్ళీ అందుకున్నాడు. ఆ వారమంతా బల్ల దగ్గర అదే పని. వైర్లు మార్చాడు, వరస మార్చాడు. భోజనానికి పిలిస్తే టంకం కడ్డీతో వచ్చాడు. శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం చిట్టి చాలాసేపు గిటారు వైపు చూసి, మామూలు గొంతుతో అంది.

"అమ్మని తీసెయ్యన్నయ్యా."

"ఏంటే?"

"రెండూ ఉండవు. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. అమ్మ ఉన్నా అదే చెప్పేది. తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టు. వాడితోటే మెట్లు దిగడం నేర్చుకుంటా, పడితే పడతా."

అన్న తీగలు వదులు చేసి కడ్డీ వేడెక్కే దాకా కూర్చున్నాడు. తర్వాత దాన్ని అమ్మ కాయిల్ వైరు దగ్గరికి తెచ్చాడు.

"తీయకండి" అంది కోడలు.

ఎవరికీ వినపడలేదు. యాంపు గుయ్‌మంటోంది. మళ్ళీ అంది. మొగుడు తలెత్తకుండా "ఆఁ?" అన్నాడు. అత్తయ్య పోయాక ఆ ఇంట్లో కోడలు రెండోసారితో ఆపేసేది. మంచినీళ్ళయితే తనే లేచి తెచ్చుకునేది. ఆ రోజు లేచి వెళ్ళి యాంపు కట్టేసింది. షాపు నిశ్శబ్దమైపోయింది. అన్నా చెల్లీ ఇద్దరూ ఆమె వైపు చూశారు. అలా చూసేసరికి ఆమెకి ఉన్న మాట కూడా గొంతులోంచి జారిపోయింది. కాసేపటికిగాని దొరకలేదు.

"అత్తయ్య నా పక్కన కూర్చుని చేసేది కదండీ. ఆవిడకి కూడా ఎవరైనా అలా చేస్తే..."

"ఏం చేసేది?"

"అమ్మాయి ఏమంటోందంటే, అని."

టంకం కడ్డీ చివర పొగ లేస్తోంది. మొగుడు దాన్ని స్టాండులో పెట్టాడు. మెల్లగా, గుడ్డుని బుట్టలో పెట్టినట్టు.

"పక్కనే," అన్నాడు. "జనంలో కలవకముందే. పక్కనే కూర్చుని..." లేచి సొరుగులన్నీ లాగాడు. "ఎక్కడ చచ్చింది, ఎక్కడ చచ్చింది" అంటూనే గోరంత ఆకుపచ్చ బిళ్ళ ఒకటి బయటికి తీశాడు. దాన్ని బఫర్ అంటారట. కాయిల్ చెప్పింది చెప్పినట్టు విని, మార్చకుండా, కలపకుండా గట్టి గొంతుతో తిరిగి చెప్పడమే దాని పని. అల్లుడికి పెట్టిన బ్యాటరీయే దీనికీ సరిపోతుంది. "నేను ఇద్దర్నీ గుమ్మం దగ్గర కలపాలని చూస్తున్నానే! ముందు అమ్మ పక్కన మనిషిని కూర్చోబెట్టాలి, తర్వాత కలపాలి. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇప్పుడు ఇద్దరికీ చిన్న కంట్రోళ్ళే చాలు, ఇద్దరూ సమానం!"

చిట్టి వదిన చెయ్యి పట్టుకుంది, పని అయ్యేదాకా వదల్లేదు. చీకటి పడకముందే తీగలు బిగించారు. రెండూ తెరిచి వాయించింది. అల్లుడున్నాడు, పక్కనే అమ్మ ఉంది, చక్రం తొక్కుతూ పాడుతున్నట్టే ఉంది. చిట్టి వేళ్ళు గబగబా మెట్లు దిగాయి. తాళాలవాడు గుమ్మంలోకి వచ్చి తల ఊపుతూ, "అమ్మగారికి కాస్త ఒళ్ళు వచ్చినట్టుందే" అన్నాడు. ఆ మాటకి ముగ్గురూ నవ్వారు, ముగ్గురూ కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

శనివారం సాయంత్రం కొత్త హాలు నిండిపోయింది. అన్నా, కోడలూ మూడో వరసలో కూర్చున్నారు. ఉరుము మొదలుపెట్టాడు, కుర్చీలు అదిరాయి. మేష్టారు అందుకున్నారు. చిట్టి కళ్ళు మూసుకుని తీగ మీటింది. అత్తయ్య గొంతు హాలు నిండా పరుచుకుంది. డ్రమ్ముల పైన తేలుతూ వచ్చింది. వెనక వరసలో ఎవరో ముసలాయన, "పెద్దావిడ బాగా పాడుతోందే" అని పక్కాయనతో అన్నాడు.

మధ్యలో ఉరుము కాసేపు ఆగే చోటు ఒకటి ఉంది. అక్కడ గిటారు ఒక్కటే వాయించాలి. అప్పుడు వినపడింది.

అత్తయ్య గొంతుకి సగం ఊపిరి ముందు ఇంకో గొంతు. సన్నగా, చిన్న వయసుది. "మబ్బు పట్టెను" అని అది అంటే, వెనకే అత్తయ్య "మబ్బు పట్టెను" అంటోంది. అది "చినుకు పడ్డది" అంటే అత్తయ్య "చినుకు పడ్డది." షాపులో యాంపు ముసలిది, సన్న గొంతులు దానికి అందవు. ఈ హాల్లో పెద్ద పెద్ద స్పీకర్లు. ఎన్నేళ్ళనుంచో ఆ కాయిల్లో ఉన్నది, పక్కన మనిషి కూర్చున్నాక బయటికి వచ్చింది.

జనం వింటున్నారు. ఎవరూ కదల్లేదు. చిట్టి కళ్ళు తెరిచి మూడో వరసకేసి చూసింది. మొగుడు మెల్లగా పక్కకి తిరిగాడు.

"నువ్వేనా?"

"ఏమోనండీ."

"ఏమో ఏంటి? నీ గొంతు నాకు తెలీదా?" అని, మళ్ళీ వేదిక వైపు తిరిగి, "తెలీదులే" అన్నాడు.

అంతా అయ్యాక మేష్టారు వేదిక దిగి వచ్చారు. "చిట్టీ, ఈ హాల్లో ఆ కుర్చీ నీదేనమ్మా, ఇంకెవరికీ ఇవ్వను" అన్నారు. తర్వాత అన్న వైపు తిరిగి, "ఆ ముందు పాడే గొంతుంది చూడండీ, అలాంటి కాయిల్ ఒకటి మా బేసు గిటారుకి చుట్టించి పెడతారా?" అని అడిగారు.

"ఆ పని మా అమ్మతోటే పోయిందండీ" అనబోయాడు అన్న. సగంలో ఆగాడు. పక్కన కోడలి పెదాలు కదిలాయి. చుట్టూ జనం లేస్తున్నారు, కుర్చీలు జరుగుతున్నాయి. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

అతను నడుం వంచి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు. "ఆఁ?" అనలేదు. విన్నాడు. నిటారుగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ ఏమంటోందంటే," అన్నాడు హాల్లో సగం మందికి వినపడేలా, "తను చుట్టిపెడుతుందట."

మర్నాడు పొద్దున నేను అందరికన్నా ముందు లేచాను. తాళం చెవి తాళానికే ఉంది. షాపు తలుపులు తీసి, మిషను మీద గుడ్డ తీసి దులిపాను. చక్రానికి నూనె వేశాను. ముక్కాలిపీట మీద కూర్చోబోయి, ఆగి, అత్తయ్య కుర్చీలో కూర్చున్నాను. తీగ పట్టుకోవడానికి మా ఆయన వచ్చి పీట మీద కూర్చున్నాడు. కాయిల్లోకి సణుగుడు పోకుండా నోటికి రుమాలు కట్టుకుని మరీ వచ్చాడు. ఆ అవతారం చూసి నవ్వొచ్చింది. నవ్వు అయ్యేదాకా ఆగి, చక్రం మీద కాలు పెట్టాను.

"మబ్బు పట్టెను, మబ్బు పట్టెను" అని పాడి అలవాటు కొద్దీ ఆగాను, అత్తయ్య అందుకుంటుందని. చక్రం తిరుగుతూనే ఉంది. తీగ ఆగితే తెగుతుంది. రెండో మాట కూడా నేనే అందుకున్నాను.